ఎర్రబస్సెక్కిన రెగే

కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో డోర్నకల్‌కు ముందు వచ్చే స్టేషన్ గార్ల. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లోకి మారింది. ఓటు మాత్రం ఇప్పటికీ ఇల్లెందు నియోజకవర్గంలోనే. మార్క్సిస్టు–లెనినిస్టు (ఎం.ఎల్.) నాయకుడు గుమ్మడి నర్సయ్యను ఐదుసార్లు అసెంబ్లీకి పంపిన నియోజకవర్గం అది. ఇలాంటి నేల మీద సభ ఉందంటే ముందు డప్పు మోగాలి, ఉపన్యాసం ఆ తర్వాతే.

1972లో జననాట్యమండలి, 1974లో అరుణోదయ అనే విప్లవ సాంస్కృతిక సంస్థలు పుట్టాయి. గొంగడి, గజ్జెలు, ఒక డప్పు, వంత పాడే నాలుగు గొంతులు ఉంటే చాలు, ఏ ఊళ్లోనైనా కచేరీయే. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ 1979లో ‘మాభూమి’ సినిమాలో పాడి ఊరూరా మోగించారు. అయినా ఈ పాటల అసలు బలం సినిమా కాదు. సినిమా కంపెనీల దయ అక్కర్లేకుండా అవి చేతులు మారాయి, క్యాసెట్లలో తిరిగాయి.

సరిగ్గా అదే కాలంలో భూగోళం అవతలి వైపు ఇంకో దరువు ఊళ్లు దాటుతోంది. జమైకాలో 1960ల తొలినాళ్ల స్కా అనే సంగీతం నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, ఆ దశాబ్దం చివరికి రెగేగా మారింది. దీని కిటుకు వినిపించే దెబ్బలో కంటే వదిలేసిన దెబ్బలో ఉంది. నాలుగు దెబ్బల వరసలో మొదటి దెబ్బ పడాల్సిన చోట డ్రమ్ము తరచూ ఊరుకుంటుంది, మూడో దానిపై బలంగా వాలుతుంది. గిటారేమో సందుల్లో చప్పున కొట్టి ఆగుతుంది. పాటను నడిపేది బేస్.

1976లో లండన్ నాటింగ్‌హిల్ కార్నివాల్‌లో పోలీసులకూ నల్లజాతి యువకులకూ ఘర్షణ జరిగింది. అక్కడే ఉన్న లండన్ పంక్ బ్యాండు క్లాష్ సభ్యులు ఆ వేడి మీదే పాట కట్టారు. మరుసటి ఏడు తమ తొలి పంక్ ఆల్బమ్‌లో జమైకా గాయకుడు జూనియర్ మర్విన్ రెగే పాటనూ చేర్చారు. రెగే గాయకుడు బాబ్ మార్లే కూడా అదే 1977లో పంక్, రెగేల పొత్తు మీద ఒక పాట వదిలాడు. వాషింగ్టన్‌లో పుట్టిన నల్లజాతి బ్యాండు బ్యాడ్ బ్రెయిన్స్ ఇంకా ముందుకెళ్లింది. 1982లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్‌లో పిడుగులా పరిగెత్తే పంక్ పాటల మధ్య తాపీగా రెగే నడుస్తుంది. దాన్ని ఒక చిన్న స్వతంత్ర సంస్థ కేవలం క్యాసెట్‌గా విడుదల చేసింది. మన దగ్గరా పాటను మోసిన వాహనం క్యాసెట్టే కదా!

తెలుగులో ఈ దరువు నిలదొక్కుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. హైదరాబాద్ బ్యాండు ‘చౌరస్తా’ రెగేకు జానపదపు యాస తొడిగింది. కాకినాడ కుర్రాడు రామ్ మిరియాల గొంతులో ‘ఊరెళ్లిపోతా మామా’ యూట్యూబ్ ద్వారా జనంలోకి వెళ్లింది. నగరంతో విసిగిన మనిషి ఎర్రబస్సెక్కి ఊరికి తిరిగి వెళ్తానంటాడు, అంతే విషయం. కానీ రెగేకు మొదటి నుంచీ ఉన్న బెంగ ఇదే. బానిసలుగా తరలించిన వారి వారసులకు జమైకా నాయకుడు మార్కస్ గార్వీ 1914 నుంచి ఆఫ్రికాను గుర్తు చేశాడు, మార్లే 1977లో తిరుగు ప్రయాణాన్నే ఆల్బమ్ పేరుగా పెట్టుకున్నాడు. అందుకే ఈ తెలుగు పాట అరువు బాణీలా అనిపించదు. బాణీకి తగిన సరుకు మన ఊళ్లలో ఎప్పుడో సిద్ధంగా ఉంది. గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ విన్నవాళ్లకు ఆ దిగులు కొత్తా?

2020లో కరోనా వచ్చాక ‘చౌరస్తా’ బ్యాండే ‘చేతులెత్తి మొక్కుతా’ అంటూ జాగ్రత్తలు చెప్పింది. ఆ వేసవిలోనే బస్సులూ రైళ్లూ ఆగిపోయి, తెలంగాణ మిరప చేలల్లో పనికొచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీలు కాలినడకన ఇళ్లకు బయల్దేరారు. ఊరెళ్లడం హాయైన పాటగా ఉన్న రోజులకూ ఆ రోజులకూ చాలా దూరం.

తర్వాత సినిమా పిలిచింది. 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాట రామ్ మిరియాల కట్టి పాడిందే. ఏడాది తిరిగేసరికి ‘బలగం’లో మంగ్లీతో కలిసి ఊరి మీదే పాడాడు. తెలుగులో సినిమా బయట బ్యాండుకు నిలకడైన సంపాదన అరుదు, కాబట్టి ఆ అడుగును తప్పుపట్టలేం. కాకపోతే అరుణోదయ, జననాట్యమండలి ఏ సినిమా కోసమూ ఎదురుచూడకుండానే వేలమందికి పాట నేర్పాయి.