రంగూను గదులు: అద్దె వెనుక చరిత్ర

ఉత్తరాంధ్ర వలసల గురించి రాసేటప్పుడు మనం ఊళ్ళోని కరువు గురించి, రేవులోని కూలి గురించి రాస్తాం. పని దిగిన కూలివాడు రాత్రి ఎక్కడ పడుకున్నాడు, ఆ చోటుకు ఎవరికి బాకీ పడ్డాడు అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వేసుకుంటాం. ఆ ప్రశ్న వేయకుండా రంగూను తెలుగువాడి చరిత్ర అర్థం కాదు.

నేటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు ఆనాడు గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఉండేవి. జమీందారీ శిస్తులు, అప్పులు, వాన మీద ఆధారపడిన సేద్యం కలిసి జనాన్ని కళింగపట్నం, భీమునిపట్నం రేవులకు నెట్టాయి. 'రంగం వెళ్ళడం' ఇంటింటి మాట అయింది. బర్మాలో మనవాళ్ళకు కోరంగి రేవు పేరిట 'కోరంగీలు' అన్న పేరు పడింది. 1931 జనాభా లెక్కల్లో రంగూను జనాభా సుమారు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసింది, నగరపు పాకీపని చేసింది ఎక్కువగా తెలుగువాళ్ళే.

వాళ్ళను తీసుకువెళ్ళినవాడు మేస్త్రీ. ఓడ ఖర్చుకు అప్పు ఇచ్చేదీ, పని ఇప్పించేదీ, కూలి పంచేదీ అతనే. చాలా సందర్భాల్లో గది చూపించేదీ అతనే. అద్దె కూలిలోంచి విరిగేది. గదికి ఇంతమంది అన్న మునిసిపల్ నిబంధన కాగితం మీద ఉండేది. పగటి పనివాడు లేచిన చోట రాత్రి పనివాడు నడుం వాల్చేవాడు. ఆలుబిడ్డలు ఊళ్ళోనే ఉండిపోయారు గనుక రేవు యజమాని దృష్టిలో కూలివాడికి ఇల్లు అక్కర్లేదు, పడక చాలు. పిల్లల పెంపకం, ముసలితనం, రోగం అన్నిటి భారం పల్లె మోసింది. చవక అద్దె అసలు రహస్యం ఇదే: గది చవక కాలేదు, మనిషి చవకయ్యాడు.

పనీ, పడకా ఒకే చేతిలో ఉన్నప్పుడు సమ్మె చేయడమంటే నీడను కూడా పణంగా పెట్టడం. అయినా 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మా కూలీలను దింపారు. రాజీ కుదిరి మనవాళ్ళు తిరిగి వచ్చేసరికి, పని పోయిన బర్మా పేదలకూ వీళ్ళకూ మధ్య మే 26న ఘర్షణ రేగింది. వందమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు భారతీయులు. గదులే ఉచ్చులైనాయి. వేలమంది పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. పాకీపనివాళ్ళు బయటికి రాకపోవడంతో నగరం కంపుకొట్టింది. తమను కడిగేవాళ్ళు ఎవరో నగరానికి అప్పుడు తెలిసింది.

దీన్ని రెండు జాతుల వైరంగా మాత్రమే చదివితే, ఇద్దరినీ ఒకే పనికి పోటీ పెట్టిన చెయ్యి కనిపించదు.

1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాయి. 1942లో అసంఖ్యాకులు కాలినడకన అడవులు దాటారు. 1962 సైనిక పాలన తర్వాత మరో తరం తిరిగి వచ్చింది. విశాఖ కంచరపాలెంలోని 'బర్మా క్యాంపు' అన్న పేరు ఆ చరిత్రకు మిగిలిన చిరునామా.

ఈనాటికీ మన పల్లెల నుంచి నగరాలకు బస్సులు, రైళ్ళు నిండి వెళుతున్నాయి. వలస కథ రాసే రచయిత ఎంత కూలి అని అడిగి ఊరుకోకూడదు. గది తాళం ఎవరి దగ్గర ఉందో కూడా అడగాలి.