మనోవ్యాధి, మత్తుమందు, దాంపత్యము: అమెరికా ప్రవేశచట్టముల పరిణామము

అమెరికాలో ఉద్యోగము చేయు వరునికి పిల్లనిచ్చి, కాళ్ల పారాణి ఆరకముందే వీసా కాగితములు ముందు వేసికొని కూర్చుండు కుటుంబములు నేడు తెలుగునాట కోకొల్లలు. ఆ పిల్ల భర్తను చేరుటకై నింపవలసిన దరఖాస్తులో, పేరు, ఊరు, పుట్టినతేదీ మొదలగువాని వెనుక, చాలమంది రెండవమారు చదువకయే 'లేదు' అని గుర్తుపెట్టి సాగిపోవు రెండు ప్రశ్నలు కలవు. తనకు గాని యితరులకు గాని హాని కలిగింపగల శారీరక మానసిక రుగ్మత యేదైన ఉన్నదా యనునది మొదటిది. మాదకద్రవ్యములకు ఎన్నడైన లోబడియుండుట కలదా యనునది రెండవది. చదువుకొను దినములలో మనోవ్యాకులతకు మందులు వాడిన పిల్లయో, హాస్టలు స్నేహితులతో కలిసి గంజాయి రుచి చూచిన పిల్లవాడో ఈ ప్రశ్నలయొద్ద చేయి ఆడక నిలిచిపోవుట సహజము. వారి భయములో కొంత నిరాధారము, కొంత సహేతుకము. ఏది యేదో తేల్చుకొనవలెనన్న, ఆ ప్రశ్నల వెనుకనున్న చట్టము నూటనలువది యేండ్లుగా నడచివచ్చిన త్రోవను చూడక తప్పదు.

1882వ సంవత్సరము ఆగస్టు 3వ తేదీన అమెరికా కాంగ్రెసు చేసిన వలసచట్టముతో ఈ కథ ఆరంభమగుచున్నది. ఓడ దిగు పరదేశీయునికి తలకు అర డాలరు పన్ను విధించిన ఆ చట్టమే, నేరస్థులను, ఉన్మాదులను, జడబుద్ధులను, తమ్ము తాము పోషించుకొనజాలక ప్రజాధనమునకు భారమగువారిని దిగనీయరాదని శాసించెను. పన్నును, ఈ నిషేధమును ఒకే శాసనమున చేరుట కాకతాళీయము కాదు. నాటి శాసనకర్తల చింత వ్యాధిని గూర్చినదానికంటె వ్యయమును గూర్చినది. 1891లో మరియొక చట్టము వచ్చి, రేవులయందలి పరీక్షాధికారమును కేంద్రప్రభుత్వమున కప్పగించి, వచ్చువారినందరిని ప్రభుత్వవైద్యులు చూడవలెనని విధించెను.

1892 జనవరి 1వ తేదీన న్యూయార్కు రేవులో తెరచిన ఎల్లిస్ ద్వీపమున ఈ పరీక్ష జరిగిన తీరు కొంతసేపు నిలిచి చూడదగినది. మూటాముల్లెలతో ఓడ దిగిన జనము బారులు తీరి నడచుచుండగా, యూనిఫారము తొడిగిన వైద్యులు ఒక్కొక్కరిని కొన్ని క్షణములు మాత్రమే తేరిపారజూచి, అనుమానము తగిలినవారి కోటుపై సుద్దముక్కతో ఒక అక్షరము గీయుచుండిరి. గుండెజబ్బునకు 'హెచ్', కుంటితనమునకు 'ఎల్', కండ్లజబ్బునకు 'ఇ'. బుద్ధిమాంద్యమని సందేహమైన 'ఎక్స్'. ఉన్మాదలక్షణములు స్పష్టముగ కనబడినచో ఆ 'ఎక్స్' చుట్టును ఒక సున్న. దినముల తరబడి ఓడ యడుగున నిద్రాహారములు చాలక వచ్చి, తెలియని భాషలో ప్రశ్నించువాని ముఖము వంక తెల్లబోయి చూచిన పల్లెటూరి యిల్లాలి చూపునకు ఆ అక్షరము ఎంత సులభముగ అంటుకొనునో ఊహింపవచ్చును. ఈ అన్యాయమును గుర్తెరిగిన వైద్యులును అచ్చట లేకపోలేదు. హోవర్డ్ నాక్స్ అను వైద్యుడు భాషతో పనిలేని పరీక్షలను కల్పించెను. నాలుగు చెక్కదిమ్మెలను వరుసగ పెట్టి, అయిదవదానితో వానిని ఒక క్రమమున తట్టి చూపి, అట్లే తట్టుమని సైగచేయునది వానిలో ప్రసిద్ధము. 1914లో ఆతడు ప్రకటించిన ఆ పరీక్ష తరువాత మనస్తత్వశాస్త్రజ్ఞుల చేతిపనిముట్లలో చేరెను. కాని ఆ కాలముననే, జాతులకు జాతులే బుద్ధిలో తక్కువవని చాటిన వంశశుద్ధివాదము దేశమున ప్రబలుచుండెను. హెన్రీ గాడార్డ్ అను పండితుడు ఆ ద్వీపముననే కొందరిని పరీక్షించి, వచ్చువారిలో పెక్కుమంది మందబుద్ధులని ప్రచురింపగా, అది శాస్త్రమని నమ్మినవారు శాసనసభలలో కొరవడలేదు.

చట్టమునందలి మాటలు ఆ గాలివాటుననే పెరిగినవి. 1903లో మూర్ఛరోగులు నిషిద్ధులైరి. రాకకు పూర్వము అయిదేండ్లలో ఉన్మాదము కలిగినవారును, జన్మలో రెండుమారులు అది వచ్చినవారును నిషిద్ధులైరి. 1907లో మందబుద్ధులు చేరిరి. 1917లో గీత మరింత బిగిసి, జీవితములో ఒక్కమారు ఉన్మాదము వచ్చినను చాలునని ఏర్పడెను. నిత్యము త్రాగువారు చేరిరి. 'పుట్టుకతో వచ్చిన మనోవైకల్యము' అను అర్థమిచ్చు మరియొక మాటయు చేరెను. ఈ చివరిది ఏ రోగమునకును పేరు కాదు, పరీక్షించువాని యిష్టమునకు వదలిన సంచి. ఆ 1917 చట్టమే ఆసియాలో అధికభాగమును నిషిద్ధమండలముగ ప్రకటించి భారతీయులకు తలుపు మూసినందున, మనవారికి ఆ దినములలో మనస్సు కుదురుగ ఉండుటయు ఉండకపోవుటయు ఒక్కటే.

వరుసగ బిగియుచు వచ్చిన ఈ చరిత్రలో ఒక్క చోట మాత్రము దాంపత్యము వ్యాధినిషేధమును జయించినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, పరదేశములలో పెండ్లాడిన సైనికుల భార్యలను రప్పించుటకై 1945 డిసెంబరు 28న చేసిన యుద్ధవధువుల చట్టము, సైనికుని భార్యకు గాని భర్తకు గాని 1917 నాటి శారీరక మానసిక వైకల్యనిషేధములు వర్తింపవని సూటిగ చెప్పెను. దేశముకొరకు ప్రాణమొడ్డినవాని యిల్లాలు ఒకప్పుడు మతిచెడియుండెనా యని అడుగుట తగదని ఆ శాసనసభకు తోచినది. ఆ ఔదార్యము మూడేండ్లతో సరి. ఆ చట్టము క్రిందనే వచ్చిన ఒక సైనికుని భార్యను, భద్రతాకారణములు చెప్పి, విచారణయైనను లేక ఆపివేసినప్పుడు, 1950లో సుప్రీంకోర్టు ప్రభుత్వపక్షమునే సమర్థించెను. అది మనోవ్యాధి వ్యవహారము కాదు. కాని పరదేశీయుని ప్రవేశము హక్కు కాదు, రాజ్యమిచ్చు అనుగ్రహమనిన ఆనాటి తీర్పు, నేటి వీసా దంపతులందరి నెత్తిమీదను ఉన్నది.

1952 నాటి చట్టము పాత నిషేధములనన్నిటిని ఒకచోట కూర్చి, మాదకద్రవ్యవ్యసనపరులను వానిలో చేర్చెను. 1965లో వచ్చిన సవరణ రెండు ముఖములు కలది. మూర్ఛరోగమును అది జాబితానుండి తొలగించెను. అమెరికా పౌరుల, శాశ్వతనివాసుల దగ్గరి బంధువులకు బుద్ధిమాంద్యమో గతించిన మనోవ్యాధియో ఉన్నచో మినహాయింపు పొందు దారి తెరచెను. ఆ కలముతోనే స్వలింగానురక్తులను నిషేధించు మాటను క్రొత్తగ చేర్చెను. అమెరికా మనోవైద్యసంఘము 1973లో అది వ్యాధియే కాదని ప్రకటించిన తరువాతను ఆ నిషేధము పదునేడేండ్లు శాసనగ్రంథమున నిలిచియుండుట, వైద్యము విడిచిన భ్రమలను చట్టము ఎంత ఆలస్యముగ విడుచునో చూపుచున్నది. వైద్యము వెంట చట్టము నడచు విషయమున మన దేశమును వెనుకబడియే యుండెను. హిందూ వివాహచట్టమున పెండ్లికి ఆటంకముగ ఉండిన మూర్ఛరోగమును తొలగించుట 1999లో గాని జరుగలేదు.

నిజమైన మలుపు 1990లో వచ్చినది. ఆ సంవత్సరపు చట్టము ఉన్మాది, మందబుద్ధి, మనోవికారి యను పేర్లనన్నిటిని ఊడ్చివేసి, ప్రశ్ననే మార్చెను. రుగ్మత ఉన్నదా యనుట చాలదు. ఆ రుగ్మతతో ముడిపడి తనకో పరులకో ఆస్తికో ముప్పు తెచ్చు ప్రవర్తన కలదా, గతమున ఉండినచో అది మరల వచ్చు సంభావ్యత కలదా యని చూడవలెను. మనిషి ఏమి అని కాక, ఏమి చేసెనని అడుగుట ఇచ్చట మొదలైనది. నూరేండ్ల చట్టచరిత్రలో ఇంతకంటె మానవీయమైన సవరణ నాకు కనబడలేదు. వ్యాకులతకు మందులు వాడి కుదుటపడిన పిల్లకు ఈ చట్టమువలన భయము లేదు. మందు వాడుట దోషము కాదు సరికదా, రోగము అదుపులో ఉన్నదనుటకు చికిత్సచేసిన వైద్యుని లేఖ మంచి సాక్ష్యము. ఆత్మహత్యాప్రయత్నము జరిగియుండినచో మాత్రము, వలసవీసాకై పరీక్షించు నియమితవైద్యుడు దానిని హానికరప్రవర్తనగ ఎంచి, అది మరల జరుగునా యని విచారించును. మన దేశమున 2017 నాటి మానసికారోగ్యచట్టము అట్టి ప్రయత్నము చేసినవానిని తీవ్రవ్యథలో ఉన్నవానిగ భావింపవలెనని చెప్పి శిక్షనుండి తప్పించినను, అచ్చటి వైద్యుని ప్రశ్న వేరు. త్రాగి బండి నడిపి పట్టుబడుటయు ఈ పద్దు క్రిందికే వచ్చును. అయిదేండ్లలో ఒక్కమారు పట్టుబడినను కాన్సలేటు అధికారి దరఖాస్తుదారుని వైద్యునికడకు పంపును. హైదరాబాదు రోడ్లపై రాత్రివేళ ఊదించు పరికరమునకు చిక్కిన యువకులు ఎరుగని సంగతి ఇది. ఇంత జేసియు ప్రవేశము నిరాకరించినచో, మానసికరుగ్మత విషయమున షరతులతో మినహాయింపు కోరవచ్చును. దానికి బంధుత్వముతో కూడ పనిలేదు.

మత్తుమందుల విషయమున చట్టము ఇందుకు సరిగా ఎదురుదిక్కున నడచినది. 1952లో వ్యసనపరుడు రోగుల వరుసలోనే ఉండెను. అతని ప్రక్కనే మాదకద్రవ్యముల వ్యాపారమున శిక్షపడినవాడు నేరస్థుల వరుసలో ఉండెను. 1956లో కేవలము దగ్గర ఉంచుకొనుటయు, 1960లో గంజాయియు ఆ రెండవ వరుసలో చేరినవి. ఆ చేరిక ఎంతవరకు పోగలదో లోకమునకు తెలిపిన వ్యవహారము బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌ది. 1968 అక్టోబరులో లండనులోని ఆయన నివాసమును పోలీసులు కుక్కలతో సోదాచేసి గంజాయిబంక కొంత పట్టుకొనిరి. నేరమొప్పుకొని 150 పౌన్ల జుర్మానా కట్టి ఆయన ఆ సంగతి అంతటితో తీరెననుకొనెను. భార్య యోకో ఓనో తన కూతురికొరకు వెదకుచుండగా దంపతులిద్దరు 1971లో అమెరికా వచ్చిరి. 1973 మార్చిలో వలసన్యాయాధికారి ఇచ్చిన తీర్పు ఒకే కాగితముపై దంపతులను విడదీసినది: భార్య శాశ్వతముగ ఉండవచ్చును, భర్త అరువది దినములలో వెడలిపోవలెను. ఆయన యుద్ధవ్యతిరేకప్రచారము నిక్సన్ ప్రభుత్వమునకు కంటగింపైనదను మాట అందరును ఎరిగినదే. కాని ఆయుధమైనది ఆ 1968 జుర్మానా. ఆనాటి బ్రిటిషు చట్టము, సరుకు తనకడ ఉన్నట్లు ఎరుగనివానిని కూడ శిక్షించునది గనుక ఆ శిక్ష అమెరికా నిషేధమునకు చాలదని 1975 అక్టోబరులో అప్పీలు న్యాయస్థానము తేల్చినది. మరుసటి సంవత్సరము జులై 27న ఆయనకు గ్రీన్‌కార్డు వచ్చినది.

లెనన్ గెలిచినది చట్టము మెత్తబడి కాదు, బ్రిటిషు చట్టమునందలి లోపము దొరకి. అటుపిమ్మట చట్టము మరింత కఠినమైనది. 1990 చట్టము ప్రకారము శిక్షపడుట కూడ అక్కరలేదు. మాదకద్రవ్యనేరమునకు కావలసిన అంశములను స్వయముగ ఒప్పుకొనినను నిషేధమే. ఆ ఒప్పుకోలు చెల్లవలెనన్న, నేరమేమో ముందుగ విప్పిచెప్పి, దరఖాస్తుదారుడు స్వేచ్ఛగ అంగీకరించియుండవలెనని 1957లో వలస అప్పీలుమండలి పెట్టిన నియమము కలదు. అయినను ఫిలిప్పీన్సు దేశీయుడొకడు, వీసావైద్యపరీక్షలో డాక్టరు అడుగగా యౌవనమున గంజాయి పీల్చితినని చెప్పిన మాట, ప్రవేశనిషేధమునకు చాలునని 2002లో ఒక అప్పీలు న్యాయస్థానము తీర్పుచెప్పెను. రోగి వైద్యునికి చెప్పిన మాట సాక్ష్యముగ మారుట ఏ వైద్యధర్మమునకును ఒప్పునది కాదని నా నిశ్చయము. వ్యసనము రోగమైనచో, పండ్రెండు మాసములు దానికి దూరముగ ఉండి మరల పరీక్షకు పోవచ్చును. నేరమైనచో, 30 గ్రాములకు మించని గంజాయిని ఒక్కమారు తనకొరకు ఉంచుకొనినదానికి తప్ప వలసవీసాలో మినహాయింపే లేదు. రోగికి పండ్రెండు మాసముల గడువు చాలును, ఒకప్పుడు రుచిచూచి మరచినవానికి చాలదు. ఇంకను చిత్రమేమన, మన 1985 నాటి మాదకద్రవ్యచట్టము గంజాయి ఆకును వేరుగ విడిచినందున శివరాత్రినాడు త్రాగు భంగు ఆ చట్టము క్రింద నేరము కాదు. అమెరికా కేంద్రచట్టము ఆకును విడువలేదు. కొలరాడోవంటి రాష్ట్రములు 2012లో గంజాయిని అనుమతించినను, కేంద్రచట్టము మారనందున, అచ్చటి దుకాణములో బహిరంగముగ కొనిన మన విద్యార్థికి ఆ రాష్ట్రపు అనుమతి వీసాయందు రక్షణ కాదు. దాచుట ఉపాయమని కొందరు చెప్పుదురు. అది మరింత చెరుపు. కావలెనని అబద్ధమాడి దొరికినచో ఆ అబద్ధమే వేరొక జీవితకాలనిషేధమగును.

ఇంతకును దంపతుల మాటయేమి? 2024 జూన్ 21న సుప్రీంకోర్టు, ఎల్ సాల్వడోర్ దేశపు భర్తకు వీసా నిరాకరింపబడిన ఒక అమెరికా పౌరురాలి వ్యాజ్యమున, పరదేశీయుడైన జీవితభాగస్వామిని దేశమునకు రప్పించుకొనుట పౌరుని మౌలికహక్కు కాదని అయిదుగురు న్యాయమూర్తుల ఆధిక్యాభిప్రాయముతో తీర్పిచ్చెను. మిగిలినది మినహాయింపుల దారి. గంజాయి విషయమున, సంఘటన జరిగి పదునేనేండ్లు గడిచి నడవడి బాగుపడియుండవలెను. లేదా పౌరుడో శాశ్వతనివాసియో అయిన భర్తకో భార్యకో తలిదండ్రులకో బిడ్డలకో అసాధారణమైన కష్టము కలుగునని నిరూపింపవలెను. ఆగిపోయినవారి కష్టము ఆ లెక్కకు రాదు. గ్రీన్‌కార్డు వరుసలో యేండ్ల తరబడి నిలిచియున్న తెలుగు ఇంజనీరు పౌరుడును కాదు, శాశ్వతనివాసియు కాదు గనుక ఆతని కష్టమును ఆ లెక్కకు రాదు. ఆతని భార్యకు, తాత్కాలికమైన హెచ్-4 వీసాకొరకు, వేరొక మినహాయింపు కలదు. అది కేవలము అధికారుల విచక్షణపై ఆధారపడినది. 1978లో అప్పీలుమండలి చెప్పినట్లు, అందు చూడవలసినవి మూడే: ఆమె వచ్చినందున సమాజమునకు కలుగు ముప్పు, పూర్వపు తప్పుయొక్క తీవ్రత, రాదలచిన కారణము. ఆ కారణము గొప్పది కానక్కరలేదని కూడ మండలి చెప్పినది. భర్తయొద్ద ఉండవలెననుట అచ్చట కారణముగ చెల్లును.