ఇంటి నుంచి ఏం పంపమంటాడు సిపాయి?

కోల్‌కతాలో సైన్యానికీ రేవుకీ మధ్య ఇరుక్కున్న పేట ఏక్‌బాల్‌పూర్. ఒక పక్క మిలిటరీ ఆసుపత్రి ఉన్న ఆలీపూర్, ఇంకో పక్క 1892లో తెరిచిన ఖిదిర్‌పూర్ డాకు, ఉత్తరాన కాస్త దూరంలో ఫోర్ట్ విలియం. 1943 డిసెంబర్ 5న జపాన్ విమానాలు ఈ డాకు మీదే బాంబులు కురిపించాయి. బర్మా యుద్ధానికి కోల్‌కతా వెనుకదన్ను కాబట్టి కురిపించాయి. యుద్ధం పోయినా సైన్యం తపాలాలో ఈ నగరం చోటు పోలేదు. ఈశాన్య సరిహద్దులో ఉన్న జవానుకి తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి, అంటే ఇంటికో సైనికుడున్నాడని పేరుబడ్డ ఆ మిలిటరీ మాధవరం నుంచి, ఒక పార్శిల్ బయల్దేరితే దాని మీద ఏ ఊరి పేరూ ఉండదు. నంబరు, హోదా, పేరు, యూనిట్టు, కింద ‘కేరాఫ్ 99 ఏపీఓ’. అంతే. ఆ 99 కోల్‌కతాలోని రెండో సెంట్రల్ బేస్ పోస్టాఫీసుది. ఢిల్లీలో ఉన్న మొదటిదానిది 56. పార్శిల్లో ఏముందో ఇంట్లోవాళ్ళకి తెలుసు, ఎందుకంటే అతను చీటీ రాసి అడిగాడు. ఆ చీటీని మనం ఇంటి మీద బెంగగా చదువుకుంటాం. నాకు మాత్రం అది ముందుగా ఒక లెక్క. సైన్యం దేన్ని తన ఖర్చు కాదనుకుంటుందో, కుటుంబాన్ని ఎక్కడ ఉంచుతుందో చెప్పే లెక్క.

ఈ లెక్క ఎంత పాతదో ఈజిప్టులోని కరానిస్ అనే పల్లె శిథిలాల్లో దొరికిన ఉత్తరాలు చెబుతాయి. క్రీ.శ. రెండో శతాబ్దం మొదట్లో రోమన్ల అలెగ్జాండ్రియా నౌకాదళంలో చేరిన క్లాడియస్ టెరెన్షియానస్ అనే కుర్రవాడు, తాను తండ్రి అని పిలిచే క్లాడియస్ టిబెరియానస్‌కి రాసినవి అవి. అతను అడిగినవి మిఠాయిలు కావు. యుద్ధానికి పనికొచ్చే కత్తి, గునపం లాంటి పనిముట్టు, రెండు మేలురకం బల్లేలు, పైవస్త్రం, లాగు, తోలుజోళ్ళు, మేజోళ్ళు. జోళ్ళు నెలకి రెండుసార్లు కొనుక్కోవాల్సి వస్తోందని మొత్తుకుంటాడు. ఇంతకుముందు మీరు పంపిన పనిముట్టు పైవాడు లాగేసుకున్నాడు, ఇంకోటి పంపండి అంటాడు. సామ్రాజ్యం తరఫున పోరాడేవాడికి కత్తి ఇంటి నుంచి రావడమేమిటని మనకి వింతగా తోస్తుంది. క్రీ.శ. 81 నాటి ఒక జీతాల పట్టీ చూస్తే వింత తీరిపోతుంది: తిండికి, జోళ్ళకి, బట్టలకి సిపాయి జీతంలోంచే కోత. ఎలాగూ తన డబ్బే అయినప్పుడు పటాలం ఇచ్చే నాసిరకం కన్నా ఇంటివాళ్ళు ఏరి పంపేదే మేలనుకున్నాడు. బ్రిటన్ ఉత్తరపు హద్దులోని విండోలండా కోటలో దొరికిన చెక్కపలక మీద రాసింది వేరే రకం కబురు: నీకు మేజోళ్ళు, రెండు జతల చెప్పులు, రెండు లోదుస్తులు పంపించాను. చలిదేశంలో చలిబట్టలు. అక్కడా కొరత పూడ్చింది సైన్యం కాదు, సొంత మనుషులే.

మరి మన సిపాయిల చీటీలేవి? 1756 అక్టోబర్‌లో క్లైవ్‌తో మద్రాసు నుంచి ఓడలెక్కి, డిసెంబర్ చివర ఏక్‌బాల్‌పూర్‌కి దిగువన హుగ్లీ ఒడ్డునున్న బజ్‌బజ్ దగ్గర పోరాడి, జనవరి 2న కలకత్తాను తిరిగి పట్టుకున్న దళంలో మద్రాసు సిపాయిలున్నారు. వాళ్ళని ఉత్తరాదిలో తిలంగాలనేవారు; అందరూ తెలుగువాళ్ళేనని కాదు గాని, తెలుగువాళ్ళు గట్టిగానే ఉన్నారు. అయినా ‘ఇది పంపండి’ అని ఇంటికి రాసిన ఆనాటి తెలుగు ఉత్తరాల పరంపర మనకి లేదు. చదువు రాకపోవడం ఒక కారణమే. కాని చదువు రానివాడికి రాసిపెట్టేవాడు ఎప్పుడూ ఉంటాడు. అసలు కారణం వేరని నా నమ్మకం. మద్రాసు సైన్యంలో భార్యాబిడ్డలు పటాలం లైన్లలోనే కాపురముండేవారు, పటాలం ఊరు మారితే వాళ్ళూ మారేవారు. ఇల్లే వెంట ఉన్నవాడు ఇంటికి ఏమని రాస్తాడు? బెంగాల్ సిపాయికి అలా కాదు. అతని కుటుంబం అవధ్ పల్లెల్లో ఉండేది, అతను ఒంటరిగా కొలువు చేసేవాడు. ఇంటి నుంచి వెంట వచ్చేది వంటపాత్రల మూట ఒకటే. 1824లో బారక్‌పూర్‌లో ఏం జరిగిందో ఈ వెలుగులో చూడాలి. బర్మా యుద్ధానికి నడవమన్నారు, మూటలు మోయడానికి ఎడ్లు దొరకలేదు. ఎవరి ఇత్తడి గిన్నెల్లో వాళ్ళు వండుకునే కులాచారం, వీపు మీద మోస్తే అవి మోయలేని బరువు. ఎడ్లు లేనిదే కదలమన్నారు 47వ పటాలం వాళ్ళు. నవంబర్ 2న సేనాధిపతి ఎడ్వర్డ్ పేజెట్ వాళ్ళ మీద ఫిరంగులు పేల్పించాడు. ఒక చెంబు, ఒక పళ్ళెం, ఒక గిన్నె సైన్యం సామానా, సిపాయి సొంత సామానా అన్న తగువు అంతవరకూ పోయింది.

ఆ ఏడాదే మద్రాసు సిపాయిల కథా మలుపు తిరిగింది. మేలో రంగూన్ పట్టుకున్న దండులో ఎక్కువమంది వాళ్ళే. ఓడలో ఆలుబిడ్డలకి చోటులేదు. జీతంలో కొంత భాగం ఇంటివాళ్ళకి అందేలా రాసిచ్చి సముద్రం దాటారు. మనవాళ్ళకి ఇల్లూ పటాలమూ విడిపోయింది ఇలాంటి దండయాత్రలతోనే. విడిపోయాక కావలసింది తపాలా. 1856లో పర్షియా మీదికి వెళ్ళిన సేన కోసం బుషైర్‌లో తెరిచిన ఫీల్డ్ పోస్టాఫీసును భారత సైనిక తపాలాకి మొదటిదిగా చెబుతారు. దూరం, తపాలా, రాసిపెట్టే చెయ్యి, మూడూ కుదిరాక చీటీ పుట్టింది.

1914లో ఫ్రాన్స్ చేరిన భారత సిపాయిల ఉత్తరాలు బతికి ఉండటానికి సెన్సారే కారణం. బులోన్‌లో కూర్చున్న అధికారులు అనువదించి దాచారు కాబట్టి ఇవాళ లండన్‌లో చదవగలుగుతున్నాం. ఎక్కువ పంజాబు వాళ్ళవి. మనవాళ్ళు మెసొపొటేమియా వైపు ఎక్కువ వెళ్ళారు. ఆ ఫ్రాన్స్ ఉత్తరాల్లో మత్తుమందు పంపమన్నవీ ఉన్నాయి, ఒంటికి పూసుకుంటే బొబ్బలెక్కించే మందు పంపమన్నవీ ఉన్నాయి, గాయం మానకపోతే తిరిగి ముందువరసకి పంపరని. సిపాయిల అవసరాలు అడగకముందే కనిపెట్టాలన్న తెలివి దొరలకీ కలిగింది. ఆ క్రిస్మస్‌కి రాకుమారి మేరీ పేరిట పంచిన ఇత్తడి పెట్టెల్లో ఇంగ్లీషువాళ్ళకి పొగాకు ఉంటే, సిక్కులకి పటికబెల్లం, మసాలాదినుసుల డబ్బా పెట్టారు.

ఇక్కడో ఆక్షేపణ ఉంది. రాసింది వేరొకరు, పైన సెన్సారు చూపు, ఇలాంటి ఉత్తరాన్ని సాక్ష్యంగా ఎలా నమ్మడం? క్షేమసమాచారాల్ని నమ్మనక్కర్లేదు, ‘నేనిక్కడ కులాసా’ అన్నదాన్ని అసలే నమ్మనక్కర్లేదు. జోళ్ళ మాట వేరు. జోళ్ళు రావాలంటే జోళ్ళనే రాయించాలి. అలంకారంగా జోళ్ళడిగేవాడు ఉండడు. రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది. ఇవాళ జవానుకి బట్ట, బూటు, రేషన్ అన్నీ సర్కారువే. అయినా సెలవు మీద వచ్చిన తోటివాడి నల్లరేకు ట్రంకులో ఆవకాయ సీసా, కందిపొడి, సున్నుండలు పెట్టి పంపమంటున్నాడంటే అది బెంగ కాక మరేమిటి? కొంత నిజమే, ఒప్పుకుంటాను. కాని రేషన్ లెక్క కడుపు నింపడానికి వేసినది. పది రాష్ట్రాలవాళ్ళున్న యూనిట్ మెస్సులో గోదావరి నాలుకని ఆ లెక్కలో కలపలేరు. కలపలేనిది ఇంటి వాటాగా మిగిలింది. పైగా పచ్చడి కన్నా తొందరగా అడిగేది ఇప్పుడు కాగితం. పెళ్ళి అయినా, బిడ్డ పుట్టినా సైన్యం రికార్డులో ‘పార్ట్ టూ ఆర్డర్’ పడాలి. దానికి పెళ్ళి సర్టిఫికెట్టు, పుట్టిన తేదీ పత్రం ఇంటి నుంచే రావాలి. ఒకప్పుడు లైన్లలో ఎదురుగా కనిపించిన భార్యాబిడ్డలు ఇప్పుడు సైన్యానికి కాగితం మీదే కనిపిస్తారు, ఆ కాగితం పంపమని జవాను ఫోన్ చేస్తాడు.

ఫోన్లొచ్చాక చీటీ రాసేవాళ్ళు తగ్గిపోయారు. వాట్సాప్‌లో అడిగినది ఫోను మారితే పోతుంది. కరానిస్ ఉత్తరాలని పొడి ఇసుక కాపాడింది. మన తేమకి, మన చెదలకి ఆ గుణం లేదు. రెండో ప్రపంచయుద్ధానికో, 1962కో, 1971కో మీ ఇంటి నుంచి ఎవరైనా వెళ్ళి ఉంటే, ఆ పాత ట్రంకుపెట్టె తూకానికి అమ్మేముందు అడుగున ఉత్తరాలున్నాయేమో చూడండి. ఉంటే తేదీ, ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర కనిపించేలా రెండువైపులా ఫొటో తీయించండి. అందులో ‘పంపండి’ అన్న చోట ఏముందో విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టండి.