గాలితో పాడు యంత్రము: పైపు ఆర్గాను కథ

2019వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీ సాయంకాలమున పారిస్ నగరమందలి నోతర్‌దామ్ కతీడ్రలు ఘోరమైన అగ్నిప్రమాదమునకు గురియయ్యెను. కప్పు కాలిపోయెను, శిఖరము కూలెను. అయితే పడమటి గోడవైపు ఎత్తున అమర్చబడియున్న మహావాద్యము, సుమారు 8,000 గొట్టములు గల పైపు ఆర్గాను, మంటల పాలు కాలేదు. ఆర్పుటకు చిమ్మిన నీరు కూడ దానికి అంతగా సోకలేదు. అయినను అయిదేండ్లకు పైగా అది పలుకలేదు. కాలని వాద్యము మూగవోవుటకు కారణమేమి? ఇది తెలియవలెనన్న ఈ వాద్యము ఎట్లు పుట్టినదో, ఎట్లు పలుకునో మొదట తెలిసికొనవలెను.

పిల్లనగ్రోవిని ఎరుగనివారు మనలో లేరు. పెదవులనుండి వచ్చు గాలి రంధ్రపు అంచునకు తగిలి అటునిటు ఊగులాడగా, లోపలి గాలిస్తంభము కంపించి స్వరము పుట్టును. ఆర్గానులోని గొట్టములలో ఎక్కువ భాగము ఇట్టి పిల్లనగ్రోవులే. పిల్లనగ్రోవికి రంధ్రములను మూసి తెరచుటచే స్వరములు మారును. ఆర్గానులో ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క గొట్టము ప్రత్యేకముగా నుండును. హార్మోనియమునకు వలెనే దీనికిని తిత్తులు, మెట్లు కలవు. మెట్టును నొక్కినప్పుడు ఒక కవాటము తెరచుకొని, తిత్తిలోని గాలి ఆ గొట్టములోనికి పోవును. గొట్టము ఎంత పొడవో స్వరము అంత మంద్రము. రెండు కొనలు తెరచియున్న 8 అడుగుల గొట్టము సెకనుకు సుమారు 65 కంపనముల నాదము నిచ్చును. 16 అడుగుల గొట్టము అందులో సగము. పెద్ద ఆర్గానులలో 32 అడుగుల గొట్టములు కూడ కలవు. వానిలో మిక్కిలి పెద్దదాని మూలస్వరము సెకనుకు 16 కంపనములు మాత్రమే. అది చెవికి వినబడుటకంటె దేహమునకు తెలియుటయే ఎక్కువ. మరొక కొసను చిటికెన వ్రేలికంటె చిన్న గొట్టములు ఉండును.

ఇంతవరకు సులభమే. చిక్కంతయు గాలితో వచ్చినది. గొట్టములోనికి పోవు గాలి పీడనము పెరిగినచో శ్రుతి హెచ్చును, మరింత పెరిగినచో స్వరము పై స్థాయికి ఎగురును, తగ్గినచో వాడిపోవును. తిత్తిని త్రొక్కువాని కాలు ఒకే విధముగా ఆడదు గదా! కాగా ఎడతెగని, హెచ్చుతగ్గులు లేని గాలిని సంపాదించుట ఎట్లు?

ఈ చిక్కును మొదట విప్పినవాడు క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో నివసించిన టెసీబియస్ అను యంత్రశిల్పి. ఇతడు ఒక క్షురకుని కుమారుడని రోమన్ శిల్పశాస్త్రవేత్త విట్రూవియస్ వ్రాసెను. టెసీబియస్ ఒక నీళ్లతొట్టిలో లోహపు గంటవంటి పాత్రను బోర్లించి, పంపులతో దానిలోనికి గాలిని ఎక్కించెను. గాలి లోపలి నీటిని వెలుపలికి నెట్టగా తొట్టిలో నీటిమట్టము పెరుగును. పంపు క్షణకాలము ఆగినను, ఆ నీటి బరువు గాలిని అదుముచునే యుండును, స్వరము తెగదు. నీరు ఇక్కడ పాడునది కాదు, గాలికి కాపరి. నేటికిని ఆర్గాను నిర్మాతలు గాలి పీడనమును నీటిమట్టముతోనే కొలుతురు. వంపు గొట్టములోని నీరు 75 మిల్లీమీటర్లు లేచినచో, పీడనము 75 మిల్లీమీటర్లు అందురు.

రోమన్ల కాలమున ఈ వాద్యము క్రీడారంగములలో, మల్లుల పోరాటముల నడుమ మ్రోగెను. బుడాపెస్ట్ నగర ప్రాంతమున 1931లో త్రవ్వకములందు క్రీ. శ. 228 నాటి చిన్న ఆర్గాను ఒకటి శిథిలముగా లభించినది. దానికి 52 గొట్టములు కలవు. ఆనాటి క్రైస్తవులకు ఇట్టి వాద్యముపై ఆదరము లేకుండెను. 757లో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి ఫ్రాంకుల రాజైన పెపిన్‌కు ఒక ఆర్గానును కానుకగా పంపెను. అదియు రాజదర్బారు వైభవమే. ఆ తరువాతి శతాబ్దములలో అది పశ్చిమ యూరపు చర్చిలలో ప్రవేశించెను. విచిత్రమేమనగా, కానుక పంపిన తూర్పుదేశపు ఆర్థొడాక్సు సంప్రదాయమున నేటికిని సాధారణముగా ఆరాధన వాద్యములు లేక కంఠములతోనే జరుగును. పశ్చిమమున కూడ దీనికి నిత్యగౌరవము లేదు. 1644లో ఇంగ్లండు పార్లమెంటు చర్చిలలోని ఆర్గానులను తొలగింపవలెనని శాసించెను.

వాద్యము పెరిగినకొలది గాలి ఖర్చు పెరిగెను. జర్మనీలోని హాల్బర్‌స్టాట్ కతీడ్రలులో 1361 నాటి ఆర్గానుకు 20 తిత్తులు ఉండెననియు, వానిని త్రొక్కుటకు పదిమంది మనుష్యులు కావలసివచ్చెననియు ప్రెటోరియస్ 17వ శతాబ్దమున వర్ణించెను. సంగీతమునకు పేరు వాయించువానిది. శ్రమ మాత్రము ఆ పదిమందిది. గాలి పీడనము కవాటమును మూసియుంచుటచే మెట్లను నొక్కుటయు కష్టమయ్యెను. 19వ శతాబ్దమున బార్కర్ అను ఆంగ్లేయుడు ఆ గాలినే పనివానిగా మార్చి, మెట్టునకు తోడుగా చిన్న తిత్తి ఒకటి పనిచేయునట్లు కల్పించెను. ఫ్రెంచి నిర్మాత కవాయే-కోల్ దీనిని సెయింట్ డెనిస్ చర్చిలో 1841లో పూర్తియైన ఆర్గానునందు ఉపయోగించెను. నోతర్‌దామ్ ఆర్గానును 1868లో నూతనముగా నిర్మించినవాడును ఇతడే. తరువాత విద్యుత్ పంకాలు వచ్చి తిత్తి త్రొక్కువారికి విశ్రాంతి నిచ్చినవి.

ఇంకొక విశేషము గమనింపదగినది. ఆర్గాను తానున్న భవనముతో కలిసియే వాద్యమగును. విశాలమైన రాతి కతీడ్రలులో నాదము కొన్ని సెకనుల వరకు మారుమ్రోగుచుండును. నిర్మాత ఆ భవనములోనే కూర్చుండి, ఒక్కొక్క గొట్టపు నోటిని సవరించి, దాని గొంతును తీర్చును. వాతావరణము కూడ భాగస్వామియే. వేడి పెరిగినకొలది గాలిలో శబ్దవేగము హెచ్చును. 10 డిగ్రీలనుండి 25 డిగ్రీలకు పోయినచో గొట్టముల శ్రుతి అర్ధస్వరములో ఇంచుమించు సగమువరకు లేచును. రీడు గల గొట్టములు మాత్రము అంతగా లేవవు. అందుచే పండుగలకు ముందు రీడులను మరల శ్రుతి చేయవలసివచ్చును.

నేటి స్థితి ఏమి? 1935లో హామండ్ విద్యుత్ ఆర్గాను విపణిలోనికి వచ్చినది. ఇప్పుడు నిజమైన గొట్టముల ధ్వనిని ముద్రించి, లౌడ్‌స్పీకర్ల ద్వారా వినిపించు ఎలక్ట్రానిక్ ఆర్గానులు చౌకగా దొరకుచున్నవి. అవి శ్రుతి తప్పవు; స్థలమును ఆక్రమింపవు. చిన్న చర్చి సభ్యులు ఖర్చునకు జంకి దానిని తెచ్చుకొన్నచో తప్పుపట్టరాదు. పశ్చిమ యూరపులో ఆరాధకులు తగ్గి కొన్ని చర్చిలు మూతపడగా, వాని ఆర్గానులు ఇతర దేశములకు తరలిపోవుటయు కలదు. గొట్టము పోయినచో ధ్వనిముద్రణ మిగులును; గొట్టమును పలికించు విద్య మాత్రము ముద్రణలో మిగులదు. తగరము, సీసము కలిపి రేకు పోయుట, గొట్టపు నోరు దిద్దుట, చెవితో శ్రుతి నిర్ణయించుట గురువువద్ద చేతితో నేర్చుకొనవలసిన పనులు. ఈ కారణముననే జర్మనీలోని ఆర్గాను నిర్మాణ విద్యను, సంగీతమును యునెస్కో 2017లో మానవజాతి సాంస్కృతిక వారసత్వముగా గుర్తించినది.

ఇక నోతర్‌దామ్ ప్రశ్నకు వత్తము. ఆ ఆర్గానును మూగ చేసినది ధూళి. కప్పునందలి సీసము కాలి, విషపూరితమైన పొడియై, గొట్టములపైనను యంత్రభాగములపైనను పడినది. సన్నని సందులనుండి గాలి పోవలసిన వాద్యమునకు ఇది ఎంత కీడో చెప్పనక్కరలేదు. 2020లో గొట్టములను విప్పదీసి, కర్మశాలలకు పంపి శుద్ధిచేసిరి. తిరిగి అమర్చిన పిమ్మట, 2024లో పగటి నిర్మాణపు రొద తగ్గిన రాత్రివేళలయందు ఒక్కొక్క గొట్టమును చెవియొగ్గి విని సవరించిరి. 2024 డిసెంబరు 7న ఆర్చిబిషప్పు ఎనిమిది పర్యాయములు ఆర్గానును సంబోధింపగా, నలుగురు వాదకులు అప్పటికప్పుడు కల్పించిన సంగీతముతో అది ఎనిమిది పర్యాయములు బదులు పలికెను.

పూర్వము పదిమంది తిత్తులు త్రొక్కిన హాల్బర్‌స్టాట్‌లోనే, మరియొక చర్చిలో, జాన్ కేజ్ రచించిన ఒక కృతి 2001నుండి ఒక చిన్న ఆర్గానుపై మిక్కిలి విలంబముగా సాగుచున్నది. 2024 ఫిబ్రవరి 5న దానిలో ఒక స్వరసమూహము మారెను. అది 2640లో ముగియవలెను. విద్యుత్ పంకా గాలి నిచ్చును. మెట్లపై ఉంచిన ఇసుక సంచులు స్వరమును నిలుపును. కాని తుప్పును, ధూళిని, శ్రుతిభంగమును కనిపెట్టి సరిదిద్దువారు ప్రతి తరమునందును పుట్టవలసియున్నది. టెసీబియస్ గాలికి కాపరిని కనుగొనెను. ఆ వాద్యమునకు మాత్రము మనుష్యుడే కాపరి.