88 మంది ఔనన్నారు

1964 మే 27న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తన రాజకీయ గురువు, జార్జియా సెనేటర్ రిచర్డ్ రస్సెల్‌కి ఫోన్ చేసి, వియత్నాంలో ఏం చెయ్యమంటావని అడిగాడు. ఇంత అధ్వాన్నమైన చిక్కుముడి నేనెన్నడూ చూడలేదన్నాడు రస్సెల్. జాన్సన్ మాటల మధ్యలో తన ఇంట్లో పనిచేసే ఒక సార్జెంటు సంగతెత్తాడు. అతనికి ఆరుగురు పిల్లలు. సైన్యాన్ని పంపాలా అని ఆలోచించినప్పుడల్లా ఆ మనిషే కళ్ల ముందు మెదులుతున్నాడట. ఆ సంభాషణంతా టేపు మీదికెక్కింది, 1990లలో బయటికొచ్చింది. ఇద్దరూ డెమొక్రాట్లే. ఆ యుద్ధం గెలుస్తామన్న ధీమా ఇద్దరిలో ఒక్కరికీ లేదు. పది నెలలు తిరక్కుండానే అమెరికన్ మెరైన్లు డానాంగ్ తీరంలో దిగారు.

జాన్సన్ విదేశాంగ విధానం మీద నమ్మకం ఎలా సడలిందో చెప్పేవాళ్లు మామూలుగా విశ్వవిద్యాలయాల్లోని కుర్రాళ్లతో, ఊరేగింపులతో మొదలుపెడతారు. ఊరేగింపులు తర్వాతి సంగతి. సొంత పార్టీ పెద్దలు లోపల గొణుక్కుంటూ బయట చెయ్యెత్తారు. ఈ కథకి అసలు ముడి అక్కడ పడింది.

చెయ్యెత్తిన రోజు 1964 ఆగస్టు 7. టోంకిన్ సింధుశాఖలో తమ యుద్ధనౌకల మీద ఉత్తర వియత్నాం రెండుసార్లు దాడి చేసిందని ప్రభుత్వం చెప్పింది. రెండోది అసలు జరగనేలేదని తర్వాత తేలింది. అవసరమైన చర్యలన్నీ తీసుకునే అధికారం అధ్యక్షుడికి కట్టబెట్టే తీర్మానం ప్రతినిధుల సభలో 416–0తో, సెనేట్‌లో 88–2తో నెగ్గింది. కాదన్న ఇద్దరూ డెమొక్రాట్లే: ఒరెగాన్ నుంచి వేన్ మోర్స్, అలాస్కా నుంచి ఎర్నెస్ట్ గ్రూనింగ్. తీర్మానాన్ని దగ్గరుండి గట్టెక్కించింది విదేశీ వ్యవహారాల కమిటీ అధ్యక్షుడు విలియం ఫుల్‌బ్రైట్. జాన్సన్‌కి పాత మిత్రుడు, ఆయనా డెమొక్రాటే.

ఆ శరత్కాలంలో ఎన్నికలొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ యుద్ధోన్మాది అన్నట్టు ప్రచారం సాగింది. ఆసియా కుర్రాళ్లు చేసుకోవాల్సిన యుద్ధానికి అమెరికా కుర్రాళ్లని వేల మైళ్ల దూరం పంపబోనని జాన్సన్ ఒహైయోలో చెప్పాడు. ఆయనకి 61 శాతం ఓట్లు పడ్డాయి. జనం శాంతికి ఓటేశామనుకున్నారు. 1965 చివరికి వియత్నాంలో ఉన్న అమెరికా సైనికులు 1,84,000 మంది. 1967 చివరికి 4,85,000. చెప్పినదానికీ చేసినదానికీ నడుమ ఉన్న ఈ ఎడానికి పత్రికలవాళ్లు విశ్వసనీయతలో అగాధం అని పేరు పెట్టారు.

ఫుల్‌బ్రైట్ తెగతెంపులు మాత్రం వియత్నాం మీద మొదలవలేదు. 1965 ఏప్రిల్‌లో జాన్సన్ డొమినికన్ రిపబ్లిక్‌కి సేనల్ని పంపాడు. అందుకు చెప్పిన కారణాలు నిలవలేదు. సెప్టెంబరులో ఫుల్‌బ్రైట్ సెనేట్‌లో లేచి ఆ మాట బాహాటంగా అన్నాడు. ఒకచోట అబద్ధం చెప్పినవాడు ఇంకోచోట నిజం చెప్పాడా అన్న అనుమానం పట్టుకున్నాక, టోంకిన్ రాత్రిని మళ్లీ తవ్వాలనిపించడం సహజం. 1966 ఫిబ్రవరిలో వియత్నాం మీద కమిటీ విచారణ నడిపాడు. టీవీలో ప్రత్యక్ష ప్రసారం. కమ్యూనిజాన్ని కట్టడి చేయాలన్న సిద్ధాంతానికి ఆద్యుడైన జార్జ్ కెన్నన్ స్వయంగా వచ్చి, వియత్నాంలో మనకంత పనేమీ లేదని నెమ్మదిగా, చదువుకున్న పెద్దమనిషి గొంతుతో చెప్పాడు. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన గృహిణులూ విన్నారు. అయితే సీబీఎస్ వాళ్లు కెన్నన్‌ని పక్కనపెట్టి 'ఐ లవ్ లూసీ' పాత ఎపిసోడ్ వేశారు. ఆ కోపంలో వార్తా విభాగం అధిపతి ఫ్రెడ్ ఫ్రెండ్లీ రాజీనామా చేశాడు. విచారణ మీంచి చూపు మళ్లించడానికా అన్నట్టు జాన్సన్ అదే వారం హొనలులులో దక్షిణ వియత్నాం నేతలతో సమావేశం పెట్టుకున్నాడు.

విమర్శించినవాళ్లతో జాన్సన్ తీరు వేరు. ఇడహో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ తన యుద్ధ వ్యతిరేకతకి పత్రికా రచయిత వాల్టర్ లిప్‌మన్‌ని సాక్ష్యంగా చూపితే, ఈసారి మీ రాష్ట్రానికి ఆనకట్ట కావాలంటే లిప్‌మన్‌నే అడుక్కో అన్నాడట. ఆ మాట నిజంగా అన్నాడో లేదో గానీ, వాషింగ్టన్ అంతా చెప్పుకున్న కథ అది. ఎందుకు నమ్మారో మనవాళ్లకి తెలియాలి. ఆనకట్ట బదులు గోధుమలు అనుకుంటే సరి. 1965, 66లో వానలు మొహం చాటేసి, మన దేశం అమెరికా ఆహార సాయ చట్టం పీఎల్ 480 కింద వచ్చే గోధుమల ఓడల మీద బతికింది. ఓడ రేవుకొస్తేనే రేషన్ దుకాణానికి సరుకు. 1966 మార్చిలో ఇందిరాగాంధీ వాషింగ్టన్ వెళ్లినప్పుడు మర్యాదలన్నీ జరిగాయి. వేసవిలో ఆమె ఉత్తర వియత్నాం మీద బాంబుదాడులు ఆపమనగానే ఓడల తాడు ఇంకా బిగిసింది. ఏ నెల ఎన్ని టన్నులో జాన్సన్ తానే చూసుకునేవాడు. ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి ఊథాంట్, పోపు అంటున్నదే భారత్ కూడా అంటోందని ఢిల్లీలోని అమెరికా రాయబారి చెస్టర్ బౌల్స్ నచ్చజెప్పబోతే, వాళ్లకి మన గోధుమలు అక్కర్లేదుగా అన్న జవాబొచ్చింది.  

ఇక అమెరికాలో ప్రతిపక్షం ఏం చేసిందంటే, చాలాకాలం జాన్సన్‌కే కొమ్ముకాసింది. సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు ఎవెరెట్ డర్క్‌సెన్ ఆయన పక్షానే నిలిచాడు. ప్రతినిధుల సభలో జెరాల్డ్ ఫోర్డ్ ఫిర్యాదు పూర్తిగా ఎదురు దిక్కుది: దెబ్బ గట్టిగా కొట్టడం లేదేమని. అదే పార్టీలో ఒరెగాన్ గవర్నర్ మార్క్ హాట్‌ఫీల్డ్ గవర్నర్ల సమావేశంలో ఒంటరిగా అడ్డం తిరిగాడు. కెంటకీ సెనేటర్ జాన్ షెర్మన్ కూపర్ చర్చలు జరపమంటూ వచ్చాడు. మిషిగన్ గవర్నర్ జార్జ్ రోమ్నీది నవ్వాలో జాలిపడాలో తెలియని కథ. వియత్నాంలో సైన్యాధికారులు తనని బ్రెయిన్‌వాష్ చేశారని 1967లో టీవీలో అనేశాడు. అధ్యక్ష పదవి మీద ఆయన ఆశ ఆ ఒక్క మాటతో ఆరిపోయింది. మోసపోయామని ఒప్పుకోవడం రాజకీయాల్లో మోసం చేయడం కన్నా పెద్ద నేరం మరి.

1968 జనవరి ఆఖరున దక్షిణ వియత్నాం అంతటా కమ్యూనిస్టు సేనలు చేసిన టెట్ దాడులతో, గెలుపు దగ్గరపడిందన్న మాట నమ్మడం కష్టమైపోయింది. మార్చి 12న న్యూహాంప్‌షైర్‌లో డెమొక్రాట్ల ప్రాథమిక ఎన్నిక. శాంతి పేరుతో నిలబడ్డ సెనేటర్ యూజీన్ మెకార్తీకి 42 శాతం ఓట్లొచ్చాయి, జాన్సన్‌కి 49. గెలిచింది జాన్సనే అయినా ఊరంతా ఓడాడనే అంది. శాంతికి విజయమని రాసిన పత్రికలు ఒకటి గమనించలేదు. మెకార్తీకి ఓటేసినవాళ్లలో వెనక్కి రావాలన్నవాళ్ల కన్నా యుద్ధం ఇంకా గట్టిగా చేయాలనుకున్నవాళ్లే ఎక్కువని తర్వాతి పరిశీలనల్లో తేలింది. వెనక్కి రమ్మనేవాడూ ముందుకు దూకమనేవాడూ ఒకే పెట్టెలో ఓటేశారు. ఇద్దరికీ కుదిరింది ఒక్కటే: ఈ మనిషి మాట నమ్మలేం. నాలుగు రోజులకి రాబర్ట్ కెన్నెడీ బరిలోకి దిగాడు. 31 రాత్రి జాన్సన్ టీవీలో బాంబుదాడుల తగ్గింపు గురించి చెబుతూ చెబుతూ, చివర్లో తాను మళ్లీ పోటీ చేయనన్నాడు.

యుద్ధం మాత్రం ఆగలేదు. రిచర్డ్ నిక్సన్ వచ్చి దాన్ని 1970లో కంబోడియాలోకి పాకించాక, రిపబ్లికన్ కూపర్, డెమొక్రాట్ చర్చ్ కలిసి అక్కడి ఖర్చుకి కళ్లెం వేసే సవరణ తెచ్చారు. సెనేట్‌లో అది నెగ్గింది. అంతకు వారం ముందు టోంకిన్ తీర్మానాన్నే రద్దు చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. తెచ్చింది నిక్సన్‌కి నమ్మకస్తుడైన రిపబ్లికన్ బాబ్ డోల్. యుద్ధ వ్యతిరేకులకి ఆ పేరు దక్కకుండా తానే ముందు లాగేసుకోవాలన్నది ఎత్తు. 81–10తో నెగ్గింది. మొదట్లోనే కాదన్న మోర్స్, గ్రూనింగ్ ఆ రోజు సభలో లేరు. 1968లోనే ఇద్దర్నీ వాళ్ల రాష్ట్రాల ఓటర్లు ఇంటికి పంపేశారు.