ఒంటరి కంచం

జపాన్ వచ్చిన కొత్తలో ఒక టీవీ సీరియల్ నాకు ఎంతకీ అంతుపట్టలేదు. కోటు వేసుకున్న ఒక పొడుగాటి మనిషి వ్యాపారం పని మీద ఊరూరా తిరుగుతుంటాడు. పని ముగిశాక నడిరోడ్డు మీద ఆగిపోతాడు, ఆకలి గుర్తొస్తుంది. కెమెరా మూడు అంగల్లో వెనక్కి జరుగుతుంది, అంత పెద్ద నగరంలో అతను చిన్నగా అయిపోతాడు. ఏదో సందులో చిన్న హోటల్ వెతుక్కొని, ఒక్కడే కూర్చొని కడుపునిండా తిని, పైసలు కట్టి పోతాడు. కథ అంతే. అత్తాకోడళ్ల కొట్లాట లేదు, విలన్ లేడు.

తెలంగాణలో మన కథలాపూర్ దిక్కు ఒక్కరే కూర్చొని తినడమంటే పగవాడికి కూడా కోరుకోం. "అయ్యో, ఒక్కదానివే తింటున్నవా బిడ్డా?" అంటూ పక్కింటవ్వ కూరగిన్నె పట్టుకొని వస్తుంది. అలాంటిది, వీళ్లు ఈ ఒంటరి భోజనాన్ని పండగలా ఎందుకు చూపిస్తున్నారు?

ఆ సీరియల్ పేరు 'కొదొకు నొ గురుమె'. మసయుకి కుసుమి రాయగా జిరో తనిగుచి బొమ్మలు గీసిన కథ 1990లలో పత్రికలో వచ్చింది. 2012లో టీవీ టోక్యో దాన్ని సీరియల్ చేసింది. ఆ కోటు మనిషి గోరో వేషం యుతక మత్సుషిగెది. మనిషి కల్పితం, అతను తినే హోటళ్లు మాత్రం నిజం. ప్రతి భాగం చివర కుసుమి తానే ఆ హోటల్‌కు పోయి, యజమానితో మాట్లాడుతూ తింటాడు.

నా మనసుకు ఇంకా దగ్గరైంది 2009లో మొదలైన 'షిన్య షొకుదొ' అనే సీరియల్. షిన్‌జుకు సందులో రాత్రి పన్నెండుకు తెరిచి పొద్దున ఏడుకు మూసే హోటల్. రాసిపెట్టిన వంట పంది మాంసం పులుసు ఒక్కటే, కానీ సరుకులుంటే యజమాని ఏదడిగినా వండి పెడతాడు. ఒక భాగంలో, పేరు రాని పాటగత్తె ఒకామె వేడి బువ్వ మీద ఎండు చేప తురుము, సోయా సాస్ వేసి ఇమ్మంటుంది. ఆవిరి తగిలి ఆ పల్చటి తురుము ప్రాణమున్నట్టు కదులుతుంది. అది చూస్తే మన వేడి బువ్వ, ఎల్లిపాయ కారం, నూనె చుక్క యాదికొచ్చి గొంతు పట్టేసింది.

ఈ ఒంటరి తిండికి మూలం పాత టోక్యోలో, అంటే ఎడోలో ఉంది. అప్పటి పాలకులు షోగున్లు దేశంలోని దొరలందరినీ ఏడాది విడిచి ఏడాది ఎడోలో ఉండాలని కట్టడి చేశారు. దొర వెంట వందల మంది సమురాయ్‌లు, పెళ్లాం పిల్లల్ని ఊళ్లోనే వదిలి వచ్చేవాళ్లు. కూలీలు, వడ్రంగులు సరేసరి. పద్దెనిమిదో శతాబ్దానికి పది లక్షలు దాటిన ఆ నగరంలో ఆడవాళ్ల కంటే మగవాళ్లే చాలా ఎక్కువ. వాళ్ల ఆకలి తీర్చడానికే సోబా, టెంపురా, సుషీ బండ్లు వీధి వీధినా వెలిశాయి. నిలబడి నాలుగు ముక్కలు తిని పనికి పోవడం అక్కడ మామూలైంది.

ఎడో గురించి చదివినప్పుడు నాకు దుబాయే కనపడింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి పోయిన మన అన్నదమ్ములు కూడా అట్లాంటి నగరమే నడుపుతున్నారు. క్యాంపు రూములో ఎనిమిది మంది, ఒక్క స్టవ్, వంతులవారీగా వంట. ఊళ్లో నీళ్లు కాచుకోవడం కూడా తెలియని పిలగాడు అక్కడ పచ్చిపులుసు పెట్టడంలో చెయ్యి తిరిగినవాడవుతాడు.

ఎడో ఒక్కటే కాదు, కరువు కూడా ఈ సీరియళ్ల వెనక ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఇక్కడ జపాన్‌లో మనిషికి రోజుకు మూడు వందల గ్రాముల లోపు బియ్యమే రేషన్, అదీ టైముకు దొరికేది కాదు. బతకాలంటే దొంగ బజారే దిక్కు. టోక్యోలో యోషితద యమగుచి అనే న్యాయమూర్తి, దొంగ బజారు కేసుల్లో శిక్షలు వేసే తాను ఆ బియ్యం ముట్టనని పట్టుబట్టాడు. రేషన్‌లో వచ్చిందాంట్లో ఎక్కువ భాగం పిల్లలకే పెట్టి, 1947లో ముప్పై మూడేళ్లకే చనిపోయాడు. ఆయన కథ తెలిశాక, గోరో ఒక్క మెతుకు వదలకుండా గిన్నె ఊడ్చి తినడం నాకు నటనలా కనిపించడం మానేసింది.

మెచ్చుకుంటూనే భయమూ వేస్తుంది. 2020 జనాభా లెక్కల్లో జపాన్‌లో దాదాపు 38 శాతం ఇళ్లల్లో ఒక్కరే ఉంటున్నారు. ఇంట్లో పలకరించే మనిషి లేనివాళ్లకు ఇలాంటి సీరియళ్లు తోడు కూర్చుంటున్నాయి. అంత మంది అవసరం తీర్చే కథను చిన్నదిగా చూడలేను.

మన గల్ఫ్ రూముల మీద ఇట్లాంటి సీరియల్ తెలుగులో రావాలి. ఏడుపు చాలా చూపించారు, ఇక తిండి చూపించండి. మొదటి భాగం సెలవు రోజు పెట్టండి: మటన్ ఉడుకుతుంటే, వీడియో కాల్‌లో భార్య "ఇంకో విజిల్ రానీ" అంటుండాలి. చివర్లో కథ రాసినవాడే ఆ రూముకు పోయి, నేల మీద పరిచిన పేపర్ చుట్టూ వాళ్లతో కూర్చొని తినాలి.