విద్యార్థులూ, పర్యావరణమూ

పిల్లలు కాలేజీలో చేరేటప్పుడు మనం చెప్పే మాట ఒకటే: "ఊరేగింపులూ, ఉద్యమాలూ మనకెందుకు? నీ చదువు నువ్వు చూసుకో." ప్రేమతో చెప్పే మాటే అది. కాని మనం వచ్చి స్థిరపడిన ఈ అమెరికా చరిత్రలో ఒక ఘట్టం చూస్తే, చదువుకూ ఉద్యమానికీ మనం అనుకున్నంత వైరం లేదని తోస్తుంది.

1969 జనవరిలో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా దగ్గర సముద్రంలోని చమురుబావి నుంచి ముడిచమురు ఎగదన్ని తీరాన్ని ముంచెత్తింది. అది చూసివచ్చిన విస్కాన్సిన్ సెనేటరు గేలార్డ్ నెల్సన్, వియత్నాం యుద్ధంపై విశ్వవిద్యాలయాల్లో జరిగిన చర్చాసభల వంటివే పర్యావరణంపై కూడా దేశమంతటా జరగాలన్నారు. నిర్వహణ భారం డెనిస్ హేస్ అనే పాతికేళ్ళ యువకుడికి అప్పగించారు. ఏప్రిల్ 22ను ఎంచుకోవడంలోనూ యుక్తి ఉంది: సెలవులు ముగిశాక, పరీక్షలు మొదలు కాకముందు!

మిషిగన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు అంతదాకా ఆగలేదు. 1970 మార్చిలోనే ఆన్ ఆర్బర్‌లో నాలుగు రోజుల సభలు జరిపారు. ఒక మోటారు కారును విచారించి, మరణశిక్ష వేసి, సుత్తులతో పగలగొట్టారు. పత్రికలవారికి అది వేడుక. అయితే ఆ సభలకు ప్రాణం బారీ కామనర్ వంటి శాస్త్రజ్ఞుల ఉపన్యాసాలూ, చర్చలూ.

ఏప్రిల్ 22న, తొలి ధరిత్రీ దినోత్సవంలో, దేశమంతటా సుమారు రెండు కోట్లమంది పాల్గొన్నారు. ఆ డిసెంబరులోనే పర్యావరణ రక్షణ సంస్థ ఏర్పడింది, వాయు కాలుష్యంపై గట్టి చట్టం వచ్చింది.

ఆ చట్టం విలువ వైద్యవృత్తిలో ఉన్న మాకు బాగా తెలుసు. దానివల్ల 1975 నుంచి కొత్త కార్లకు పొగను శుద్ధిచేసే పరికరం అమర్చవలసి వచ్చింది. సీసం కలిసిన పెట్రోలు ఆ పరికరాన్ని పాడుచేస్తుంది గనుక సీసం లేని పెట్రోలు అమ్మక తప్పలేదు. 1976-80 మధ్య అమెరికన్ల రక్తంలో సీసం మూడోవంతుకు పైగా తగ్గింది. పసివాళ్ళ మెదడు ఎదుగుదలను దెబ్బతీసే విషమది. ఏ డాక్టరూ మందుచీటీ రాయకుండానే జరిగిన వైద్యం!

మన హైదరాబాదులోనూ ఇటువంటిదే జరిగింది. 2025 మార్చి చివర, కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి. భూమి తనదని ప్రభుత్వ వాదన. విద్యార్థులు అడ్డు నిలిచారు. వారికి నినాదాలతోపాటు, అక్కడి పక్షులూ జింకలూ నక్షత్ర తాబేళ్ళ గురించి ఏళ్ళతరబడి చేర్చిన వివరాలూ ఆసరా అయ్యాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది.

రేపు మన అమ్మాయో, అబ్బాయో "సభకు వెళ్తున్నా" అంటే వద్దనకుండా, ఏమేం తెలుసుకుని వెళ్తున్నారో అడుగుదాం. జవాబు చెప్పగలిగితే, చదువు సాగుతున్నట్టే.